గోడౌన్‌లో ఆర్‌ఎఫ్‌ఐడీ: ట్యాగులు, రీడర్లు ఒకదానికొకటి అడ్డం రాకుండా సెట్ చేసుకోవడం ఎలా

బట్టల గోడౌన్‌లో ఆర్‌ఎఫ్‌ఐడీ గేట్లు (సరుకుకి అంటించిన ట్యాగుల నంబర్లని రేడియో తరంగాలతో చదివే రీడర్లున్న గేట్లు) పెట్టిన కొత్తలో అందరికీ ఎదురయ్యే తలనొప్పి ఒకటుంది. అట్టపెట్టెలో 50 చీరలు ఉంటాయి, స్క్రీన్ మీద 43 అని పడుతుంది, ట్రాలీ వెనక్కి లాగి మళ్లీ తోస్తే 47, ఇంకోసారి తోస్తే 44. అప్పుడు పక్కనున్నవాళ్లలో ఎవరో ఒకరు "పవర్ పెంచి చూడండి" అంటారు. దయచేసి పెంచకండి. పవర్ పెంచితే ఆ పెట్టె లెక్క సరిపోయినా సరిపోవచ్చు గానీ, పక్క గేటు ముందున్న సరుకు కూడా మీ గేటు లెక్కలోకి వచ్చి పడుతుంది, పక్క రీడర్‌కి దాని సొంత ట్యాగులే వినిపించకుండా పోతాయి, రెండు రోజుల తర్వాత ఆ గేటు వాళ్లు కూడా పవర్ పెంచుతారు. ఇక అక్కడి నుంచి ఎవరి లెక్కా నమ్మలేం.

సిగ్నళ్ల గొడవ అని అందరూ ఒక్క మాటలో అనేస్తారు గానీ అందులో మూడు వేర్వేరు గొడవలున్నాయి. ట్యాగుకీ ట్యాగుకీ, రీడర్‌కీ రీడర్‌కీ, ఒకే ట్యాగు మీద రెండు రీడర్లకీ. మూడింటికీ మందు వేరు, ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు. అందుకే ఏ సెట్టింగూ ముట్టుకోకముందు మీ దగ్గర ఉన్న గొడవ ఏదో తేల్చుకోండి.

నేను ఇక్కడ చెప్పేదంతా గోడౌన్లలో, షోరూముల్లో వాడే యూహెచ్‌ఎఫ్ (అల్ట్రా హై ఫ్రీక్వెన్సీ) పాసివ్ ట్యాగుల గురించి, అంటే జెన్ 2 అని పిలిచే ఐఎస్‌ఓ 18000-63 ప్రమాణం ట్యాగులు. లైబ్రరీ పుస్తకాల్లో ఎక్కువగా ఉండే 13.56 మెగాహెర్ట్జ్ ట్యాగుల సంగతి చివర్లో కొంచెం చెబుతాను.

ముందు చేయాల్సిన పరీక్ష

లెక్క ఖాయంగా తెలిసిన ఒక పెట్టె తీసుకోండి, 50 ట్యాగులు అనుకుందాం. గోడౌన్‌లో ఉన్న మిగతా రీడర్లన్నీ ఆపేయండి, చేతిలో పట్టుకు తిరిగే హ్యాండ్‌హెల్డ్‌లతో సహా, ఎందుకంటే వాటినే అందరూ మర్చిపోతారు. ఇప్పుడు ఒక్క గేటుతో, పెట్టెను కదపకుండా యాంటెన్నాల మధ్య పెట్టి ఓ పది సెకన్లు చదవండి. 50 వస్తే రాసుకోండి, ఎంతసేపట్లో వచ్చాయో కూడా రాసుకోండి. తర్వాత పక్క గేటు రీడర్ ఆన్ చేసి అదే పని మళ్లీ చేయండి. లెక్క తగ్గినా, టైమ్ బాగా పెరిగినా గొడవ రీడర్ల మధ్యది.

ఒంటరిగా ఉన్నప్పుడే 50 రాలేదా? అయితే పెట్టె విప్పి చీరలు బల్ల మీద విడివిడిగా పరిచి చదవండి. పరిస్తే అన్నీ వచ్చాయంటే ట్యాగులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, అది సెట్టింగులతో తీరేది కాదు. పరిచినా రాకపోతే, లేదా వచ్చినా చాలాసేపు పడితే, అప్పుడు క్యూ, సెషన్ అనే రెండు సెట్టింగుల దగ్గరికి వెళ్లాలి. ఈ పరీక్షకి అరగంట కూడా పట్టదు, కానీ ఇది చేయకుండా వారాల తరబడి సెట్టింగులు మార్చుకుంటూ కూర్చునేవాళ్లే ఎక్కువ.

ట్యాగులన్నీ ఒకేసారి మాట్లాడితే

పాసివ్ ట్యాగుకి బ్యాటరీ ఉండదు. రీడర్ పంపే తరంగం నుంచే కరెంటు తీసుకుని, అదే తరంగాన్ని కొంచెం మార్చి వెనక్కి పంపిస్తుంది. పక్క ట్యాగు మాట్లాడుతోందో లేదో దానికి వినపడదు, కాబట్టి తమలో తాము సర్దుకోవడం ట్యాగుల వల్ల కాదు, వంతులు రీడరే పెట్టాలి.

ఎలా పెడుతుందంటే, రౌండు మొదట్లో రీడర్ ఒక క్వెరీ కమాండ్ పంపుతుంది, అందులో క్యూ అనే అంకె ఉంటుంది, 0 నుంచి 15 వరకు ఏదైనా కావచ్చు. క్యూ 4 అయితే 2ను నాలుగుసార్లు హెచ్చించి 16 వంతులు, క్యూ 6 అయితే 64, క్యూ 8 అయితే 256. ప్రతి ట్యాగూ ఆ వంతుల్లోంచి తనకు తోచిన అంకె ఒకటి ఎంచుకుంటుంది. సున్నా వచ్చిన ట్యాగు వెంటనే పలుకుతుంది, మిగతావి ఆగుతాయి. రీడర్ క్వెరీ రెప్ అనే చిన్న కమాండ్ పంపిన ప్రతిసారీ ట్యాగులన్నీ తమ అంకెలోంచి ఒకటి తగ్గించుకుంటాయి, సున్నాకి చేరినది పలుకుతుంది. పలకడం అంటే మొత్తం నంబరు చెప్పేయడం కాదు, ముందు 16 బిట్ల అడ్డదిడ్డమైన అంకె ఒకటి మాత్రమే చెబుతుంది. రీడర్ ఆ అంకెనే తిరిగి చెప్పి "నువ్వే, చెప్పు" అన్నాక గానీ తన అసలు నంబరు, అంటే ఆ వస్తువుని గుర్తించే ఈపీసీ, పంపదు. రెండు ట్యాగులు ఒకే వంతులో పలికాయనుకోండి, పాడయ్యేది ఆ చిన్న అంకె మాత్రమే, కాబట్టి పోయే సమయం కూడా తక్కువే. కలబడ్డ ఆ రెండూ ఆ రౌండులో మళ్లీ నోరెత్తవు, తర్వాతి రౌండులో కొత్త అంకెలు ఎంచుకుంటాయి. ఎంత శ్రద్ధగా ఆలోచించి పెట్టారో చూడండి, బ్యాటరీ కూడా లేని చిన్న చిప్పు మీద ఇదంతా నడుస్తోంది!

దీని వెనకున్న ఆలోచన హవాయీ విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో నడిపించిన అలోహా నెట్‌వర్క్‌ది. ద్వీపాల మధ్య ఒకే రేడియో చానెల్‌ని అందరూ పంచుకోవాల్సి వచ్చినప్పుడు పుట్టిన పద్ధతి, దాన్ని వంతులుగా విడగొట్టాక ఇంకా మెరుగుపడింది. లెక్క ప్రకారం ట్యాగులు ఎన్ని ఉన్నాయో వంతులు కూడా అన్నే ఉంటే అన్నిటికంటే మంచి ఫలితం వస్తుంది, అప్పుడు కూడా దాదాపు 37 శాతం వంతుల్లోనే ఒంటరి ట్యాగు దొరుకుతుంది, మరో 37 శాతం ఖాళీగా పోతాయి, మిగతా 26 శాతంలో కలబడతాయి. అంతకు మించి ఈ పద్ధతిలో రాదు, కాబట్టి ఎవరైనా "వంద శాతం ఢీకొనకుండా" అని అమ్మజూపితే నమ్మకండి.

మీరు చేయాల్సింది ఏమిటంటే, ఒక గేటు ముందు ఒకేసారి ఎన్ని ట్యాగులు ఉంటాయో అంచనా వేసి మొదటి క్యూ అంకె దానికి దగ్గరగా పెట్టండి. 50 ట్యాగులకు క్యూ 6 సరిపోతుంది. 200 అయితే 8. ఇప్పటి రీడర్లు చాలావరకు క్యూని నడుస్తుండగానే సవరించుకుంటాయి, కలబడటాలు ఎక్కువైతే పెంచి, ఖాళీలు ఎక్కువైతే తగ్గిస్తాయి, అయినా మొదటి అంకె మరీ దూరంగా ఉంటే సర్దుకునేలోపే ట్రాలీ గేటు దాటిపోతుంది. కొన్ని రీడర్లలో క్యూ అని కాకుండా ట్యాగ్ పాప్యులేషన్ అని అడుగుతుంది, అక్కడ మీ అంచనా సంఖ్య ఇచ్చేయండి. రెండు అంకెల మధ్య సందేహం వస్తే పెద్దదే ఎంచుకోండి: ఖాళీ వంతు చిటికెలో అయిపోతుంది, కలబడిన వంతు అంతకన్నా ఎక్కువసేపు తింటుంది.

సెషన్ దగ్గరే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు

చదివిన ట్యాగు మళ్లీ మళ్లీ అడ్డం రాకుండా నోరు మూయించే ఏర్పాటే సెషన్. ప్రతి ట్యాగులో ఎస్0, ఎస్1, ఎస్2, ఎస్3 అని నాలుగు జెండాలుంటాయి, ఒక్కో జెండా ఏ లేదా బీ స్థితిలో ఉంటుంది. రీడర్ "ఎస్2లో ఏ ఉన్నవాళ్లు రండి" అంటే అవే వస్తాయి, చదవగానే బీకి మారతాయి. తేడా అంతా ఆ బీ ఎంతసేపు నిలుస్తుందన్న దానిలో ఉంది. ఎస్0లో పవర్ పోగానే మళ్లీ ఏ. ఎస్1లో పవర్ ఉన్నా లేకున్నా 500 మిల్లీసెకన్ల నుంచి 5 సెకన్ల లోపు ఏకి వచ్చేస్తుంది. ఎస్2, ఎస్3లలో పవర్ తగులుతున్నంతసేపూ బీలోనే ఉంటుంది, పవర్ పోయాక కూడా కనీసం 2 సెకన్లు, చాలా ట్యాగుల్లో అంతకంటే ఎక్కువసేపే.

పది ట్యాగుల కౌంటర్‌కి ఎస్0 చాలు. ట్రాలీలు దూసుకుపోయే గేటుకి ఎస్1 బాగుంటుంది. రాక్‌ల నిండా వేల ముక్కలున్న చోట స్టాక్ లెక్కపెట్టాలంటే ఎస్2 గానీ ఎస్3 గానీ పెట్టండి, లేకపోతే దగ్గరున్న గట్టి ట్యాగులే పదేపదే పలుకుతూ వెనక మూలనున్న బలహీనమైన వాటికి వంతే రానివ్వవు.

ఇప్పుడు అసలు చిక్కు. హ్యాండ్‌హెల్డ్‌తో ఒకరు ఎస్2లో ఏ అని లెక్కపెడుతున్నారు, అదే సమయంలో గేటు రీడర్ కూడా ఎస్2లో ఏ అని పెట్టి ఉంది. గేటు చదివేసిన ట్యాగులన్నీ బీకి వెళ్లిపోయాయి, హ్యాండ్‌హెల్డ్‌కి అవి కనిపించవు. సరుకు కళ్లెదురుగా ఉంది, ట్యాగు బాగానే ఉంది, సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది, కానీ స్క్రీన్ మీద లేదు! ట్యాగులు నాసిరకం అని సప్లయర్‌కి తిప్పి పంపేవరకు వెళతారు. కాబట్టి గేట్లకు ఒక సెషన్, హ్యాండ్‌హెల్డ్‌లకు ఇంకోటి అని గోడౌన్ మొత్తానికి ఒకసారి నిర్ణయించి, కాగితం మీద రాసి ఆఫీసు గోడకి అంటించండి. గేట్లకి ఎస్1, హ్యాండ్‌హెల్డ్‌లకి ఎస్2 అన్నది మంచి మొదలు. ఇద్దరు మనుషులు పక్కపక్క వరసల్లో లెక్కపెడుతుంటే ఒకరికి ఎస్2, ఇంకొకరికి ఎస్3 ఇవ్వండి.

రీడర్ మీద రీడర్

రీడర్ సిగ్నల్ ట్యాగు దాకా వెళ్లి తిరిగి రావాలి, రెండు వైపులా బలం తగ్గుతుంది. పక్క రీడర్ సిగ్నల్ మాత్రం ఒకవైపే ప్రయాణించి నేరుగా మీ యాంటెన్నాలోకి వస్తుంది. అందుకే ట్యాగుని పది మీటర్ల దూరంలో కూడా చదవలేని రీడర్, వంద మీటర్ల అవతలున్న ఇంకో రీడర్‌ని మాత్రం ఇబ్బంది పెట్టగలదు. జాతరలో మైకు పక్కన నిలబడి గుసగుస వినబోయినట్టుంటుంది రీడర్ పరిస్థితి.

ఇక్కడ ఫ్రీక్వెన్సీ సంగతి తెలుసుకోవాలి. మన దేశంలో 2005లో 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండుని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని ఇచ్చారు, ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్, యాంటెన్నా నుంచి వెలువడే పవర్ 4 వాట్ల ఈఆర్‌పీ, చానెల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్ అన్న పరిమితులతో. 2021లో దాన్ని 868 దాకా పెంచారు. అమెరికాలో అయితే 902 నుంచి 928 వరకు 26 మెగాహెర్ట్జ్ ఉంది, వాళ్ల రీడర్లు 50 చానెళ్ల మీద గంతులేస్తూ ఉంటాయి కాబట్టి రెండు రీడర్లు ఒకే చోట ఎక్కువసేపు తగులుకోవు. మనకున్నది దాంట్లో దాదాపు తొమ్మిదో వంతు చోటు, గంతుల మీదే భరోసా పెట్టుకోలేం.

విదేశం నుంచి తెప్పించిన రీడర్లయితే మొదట రీజియన్ సెట్టింగ్ చూడండి. ట్యాగు 860 నుంచి 960 దాకా దేనికైనా పలుకుతుంది కాబట్టి అమెరికా రీజియన్‌లో పెట్టినా చక్కగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, కానీ ఇక్కడ 890–915 మెగాహెర్ట్జ్ మొబైల్ ఫోన్లు టవర్‌కి పంపే బ్యాండు. మీ రీడర్ అక్కడ కూర్చుంటే చుట్టుపక్కల ఫోన్లకి ఇబ్బంది, చట్టప్రకారం తప్పు కూడా. ఇండియా రీజియన్ పెట్టాకే మిగతా పని.

తర్వాత రీడర్ మోడ్. సాధారణంగా వేగానికి ఎఫ్‌ఎం0 అనే, ట్యాగు జవాబుని సంకేతాలుగా మార్చే పద్ధతి ఉంటుంది, అందులో ట్యాగు గరిష్ఠంగా సెకనుకు 640 కిలోబిట్ల వేగంతో పలుకుతుంది, ఒంటరి రీడర్‌కి చాలా బాగుంటుంది. పక్కపక్కనే రీడర్లు ఉన్నప్పుడు డెన్స్ రీడర్ మోడ్ ఎంచుకోండి, అది మిల్లర్ 4 లేదా మిల్లర్ 8 పద్ధతిలో నడుస్తుంది. ఇందులో ట్యాగు జవాబు రీడర్ చానెల్ మధ్యలో కాకుండా దాదాపు 250 కిలోహెర్ట్జ్ పక్కకి జరిగి వస్తుంది, రీడర్ల హోరంతా ఒకచోట, ట్యాగుల గొంతు ఇంకోచోట. వేగం మిల్లర్ 4లో 60 కిలోబిట్ల దగ్గరికి పడిపోతుంది, ఫర్వాలేదు, గోడౌన్ గేటుకి అది చాలు. యూరప్‌లో ఈ లెక్కతోనే నాలుగు చానెళ్లని 865.7, 866.3, 866.9, 867.5 అని 600 కిలోహెర్ట్జ్ ఎడంతో పెట్టుకున్నారు, మధ్య ఖాళీ అంతా ట్యాగుల కోసం. మీ రీడర్లలో చానెళ్లు ఎంచుకునే వీలుంటే అదే సూత్రం పాటించండి, ఆనుకుని ఉన్న రెండు చానెళ్లని పక్క పక్క గేట్లకి ఇవ్వకండి.

ఒకే ట్యాగుకి ఇద్దరు యజమానులు

చానెళ్లు మార్చాం, మిల్లర్ పెట్టాం, అయినా రెండు గేట్ల మధ్య నిలబెట్టిన ట్రాలీలో ట్యాగులు పలకడం లేదు అంటే కారణం ఇదే. ట్యాగులో ఫ్రీక్వెన్సీని ఏరుకునే ఫిల్టర్ లేదు, తన మీద పడ్డదంతా కలిపి వింటుంది. ఒక రీడర్ 865.7లో, ఇంకోటి 866.9లో కమాండ్లు పంపుతుంటే మీకు అవి వేర్వేరు చానెళ్లు, ట్యాగుకి మాత్రం రెండు మాటలూ కలగాపులగం. ఇక్కడ చానెల్ మార్పుల వల్ల ఏమీ ఒరగదు. కాలంలోనైనా విడదీయాలి, చోటులోనైనా విడదీయాలి.

కాలంలో విడదీయడానికి సులువైన దారి, రెండు గేట్లకీ కలిపి నాలుగు పోర్టుల రీడర్ ఒకటే పెట్టడం. మామూలు రీడర్ ఒక క్షణంలో ఒక్క యాంటెన్నానే నడుపుతుంది, వంతులవారీగా మారుతుంది, కాబట్టి దాని నాలుగు యాంటెన్నాలు ఎప్పటికీ ఒకదానితో ఒకటి కొట్టుకోవు. కేబుల్ మాత్రం మందంగా ఉండేది వాడండి, ఎల్‌ఎమ్ఆర్-400 లాంటిదైతే 10 మీటర్లకు పోయేది 1.3 డెసిబెళ్లు, సన్నపు ఆర్‌జీ-58 అయితే నాలుగైదు. ట్రాలీలు మరీ వేగంగా పోయే చోట వంతులు సరిపోవు, అప్పుడు గేటుకో రీడర్ పెట్టి, ఫొటో సెన్సర్‌ని రీడర్‌లో సెన్సర్ సంకేతం అందుకునే జీపీఐ పోర్టుకి కలిపి, ట్రాలీ గేటు ముందుకు వచ్చినప్పుడే రీడర్ సిగ్నల్ పంపేలా చేయండి. మీరు చేయగలిగిన పనుల్లో ఇంతకు మించింది లేదని నా గట్టి అభిప్రాయం. రోజంతా ఖాళీ గేటు ముందు అరుస్తూ కూర్చునే రీడరే సగం గొడవలకి మూలం.

చోటులో విడదీయడం అంటే పవర్ తగ్గించడం. 30 డీబీఎంతో, అంటే 1 వాట్‌తో మొదలుపెట్టండి. గేటు మధ్యలో, యాంటెన్నాకి అన్నిటికంటే దూరంగా ఉండే చోట ఒక పెట్టె పెట్టి 2 డెసిబెళ్ల చొప్పున తగ్గిస్తూ పోండి. లెక్క తప్పడం మొదలయ్యాక ఒక 3 డెసిబెళ్లు పైకి తెచ్చి అక్కడ ఆపండి. ఇప్పుడు అదే పెట్టెని పక్క గేటులో పెట్టి చూడండి, ఒక్క ట్యాగు కూడా ఈ గేటు రీడర్‌లో పడకూడదు. ఖాళీ మైదానంలో 6 డెసిబెళ్లు తగ్గిస్తే చదివే దూరం సగమవుతుంది, ఇనుప రాక్‌ల మధ్య మాత్రం తరంగాలు అటూ ఇటూ కొట్టుకుని అనుకోని చోట తేలతాయి కాబట్టి లెక్క మీద ఆధారపడకుండా పెట్టె తిప్పి చూడాల్సిందే. ఇంకా పడుతుంటే యాంటెన్నాలని కిందికి, లోపలికి వంచండి, గేట్ల మధ్య ఇనుప జాలీ కట్టండి. ఈ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, సెంటీమీటరు రంధ్రాల జాలీ దాన్ని బాగానే ఆపుతుంది. జాలీ కట్టాక సొంత గేటులో ప్రతిధ్వనులు పెరుగుతాయి, పవర్ పరీక్ష మళ్లీ చేయండి.

అప్పటికీ ఒకటీ అరా పక్క గేటు ట్యాగులు పడుతుంటే సాఫ్ట్‌వేర్‌లో ఆపొచ్చు. ఒక ట్యాగు మొదటి గేటులో 40 సార్లు, రెండో గేటులో 3 సార్లు బలహీనమైన సిగ్నల్‌తో, అంటే తక్కువ ఆర్‌ఎస్‌ఎస్‌ఐతో పడితే అది మొదటి గేటుదే. కానీ ఇది చివరి జల్లెడ, దీన్నే మొదటి మందుగా వాడితే అసలు రోగం లోపలే ఉంటుంది.

అతుక్కున్న ట్యాగులు, లోహం, నీళ్లు

మడతపెట్టిన చొక్కాల కట్టలో ప్రతి ట్యాగూ సరిగ్గా ఒకే చోట ఉంటే, యాంటెన్నాలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఒకదాని బలం ఒకటి లాగేసుకుంటాయి. క్యూ ఎంత మార్చినా లాభం లేదు. ప్యాకింగ్ చేసేవాళ్లకి చెప్పి ఒకటి కుడి, ఒకటి ఎడమ అంచున వచ్చేలా మార్పించండి, సెంటీమీటరు ఎడం ఉన్నా చాలా తేడా కనిపిస్తుంది. జరీ చీరల్లో లోహపు దారం ఉంటే ట్యాగుని బోర్డరుకి ఆనించకుండా వేలాడేలా కట్టాలి. షాంపూ, నూనె, నీళ్ల సీసాల పెట్టెలకి సీసాకి ఆనుకోని వైపు అంటించండి.

ఫాస్టాగ్, కార్డుల మాట

టోల్ గేటు ఫాస్టాగ్ కూడా ఇదే యూహెచ్‌ఎఫ్ కుటుంబం. అద్దం మీద పాతది, కొత్తది రెండూ ఉంటే రీడర్ రెంటినీ తేలిగ్గానే చదవగలదు, వంతుల పద్ధతి ఉంది కదా, చిక్కల్లా డబ్బు దేన్నుంచి పోవాలన్నదే. పాతది ఖాతా మూసేసి పీకేయండి. ట్యాగుని చేత్తో పట్టుకుని చూపించడం కూడా మానండి, కోణం మారి పక్క లేన్ రీడర్‌కి తగిలే అవకాశం ఉంటుంది.

లైబ్రరీ ట్యాగులు ఎక్కువగా ఐఎస్‌ఓ 15693 రకం, అక్కడ 16 వంతుల పద్ధతి, చదివే దూరం మీటరు లోపే, కాబట్టి రీడర్ల గొడవ తక్కువ. రెండు టేబుల్ రీడర్లని మాత్రం ఒకే ఇనుప బల్ల మీద పక్కపక్కన పెట్టకండి. పర్సులో రెండు మూడు బ్యాంకు కార్డులు పెట్టుకుని పర్సుతో సహా మెషీన్‌కి ఆనిస్తే అది వద్దంటుంది, ఎందుకంటే ఒకటికి మించి కార్డులు కనిపిస్తే ఒక్కటే చూపించమని అడగాలన్నది చెల్లింపు మెషీన్ల నియమం. కార్డు బయటికి తీసి చూపించండి.

అన్నీ కుదిరాక ప్రతి రీడర్ రీజియన్, చానెల్, మోడ్, సెషన్, క్యూ, పవర్ ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడు ఇవి మొదటికి వచ్చేయడం మామూలే. రాక్‌లు జరిపినా, కొత్త ఇనుప షట్టర్ పెట్టించినా, పక్క గేటుకి కొత్త రీడర్ వచ్చినా ఆ 50 ట్యాగుల పెట్టె తీసి పరీక్ష మొదటి నుంచి చేయండి. ఆ పెట్టెని అమ్మకానికి పంపకుండా ఒక మూల విడిగా ఉంచుకోండి.